పది గంటల లింకు

పొద్దున్నే ప్రభాకరరావు వేసుకున్న పథకం చిన్నదే. పది గంటలకల్లా ఇంట్లో నెట్ పరుగెత్తాలి. అస్సాంలో బోరుబండి మీద పనిచేస్తూ జ్వరంతో పోయిన బావమరిది హరికృష్ణ దహనాన్ని అక్కడి శ్మశానం వాళ్లు కెమెరా పెట్టి చూపిస్తారట. కంభం నుంచి రైలెక్కి వెళ్లేదాకా శవం ఆగదు. తల్లి పోయాక తమ్ముణ్ని చంకనేసుకుని పెంచిన భార్య రమణికి కడసారి చూపంటే ఇక ఆ లింకొక్కటే.

"ఆ టయానికి అది గుండ్రంగా తిరుగుతా కూచుంటే ఏం చేయాలయ్యా?" అంది రమణి.

"నేనున్నా కదా! మండలాఫీసు కంప్యూటర్లన్నీ నా చేతి కిందియ్యే."

బ్రౌజరు సెట్టింగుల్లోకి దిగాడు. ఒకేసారి ఆరు కనెక్షన్లు పెట్టుకునేదాన్ని అరవై చేశాడు. పేజీని ప్రతిసారీ కొత్తగా తెచ్చుకోకుండా, ఒకసారి తెచ్చినదాన్నే దాచుకుని చూపించేలా మార్చాడు. పరీక్ష కోసం లింకు నొక్కి, వేళకు ముందే శ్మశానం చూడటం మంచిది కాదని, వీడియో అంతా దిగేదాకా గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

పదింటికి వీధి వీధంతా వచ్చింది. ఎవరూ పొయ్యి వెలిగించలేదు. లింకు నొక్కగానే వీడియో టక్కున తెరుచుకుంది. అంత దుఃఖంలోనూ ప్రభాకరరావు ఒకసారి అందరివైపూ చూశాడు.

కట్టెల మీద మనిషి. మెడదాకా తెల్లగుడ్డ, మొహం అటు తిరిగి ఉంది.

"పిల్లోడు ఎంత చిక్కిపోయినాడే తల్లీ!" అని పక్కింటి వెంకాయమ్మ గుండెలు బాదుకుంది.

"గడ్డం నెరిసినట్టుందే?" అన్నారెవరో.

"దేశం కాని దేశంలో నెరవదా మరి!"

రమణి కంప్యూటరు తెర మీద ఆ కాళ్లు తడుముతూ కుప్పకూలింది. మంట లేచాక వెంకాయమ్మ తీర్పు చెప్పింది. "డబ్బాలో చూసినా మైల మైలే. పోండి, తలకు పోసుకోండి." అందరూ స్నానాలు చేసి పొయ్యిలు వెలిగించారు. ప్రభాకరరావు కూడా దొడ్లో నాలుగు చెంబులు గుమ్మరించుకున్నాడు.

పొద్దుగూకే వేళకు హరికృష్ణతో పనిచేసే శ్యాంసన్ రమణికి ఫోన్ చేశాడు.

"అయిపోయిందక్కా. నువ్వు కుట్టించిన నీలం చొక్కానే ఏసినాం. నువ్వు బాగా చూడాలని మొహం కెమెరా దిక్కే పెట్టినాం. చూసినావు కదా?"

"మొహం మనదిక్కు యాడుందయ్యా? నీలం చొక్కా యాడ కనపడింది?" అంది రమణి మొగుడితో.

ప్రభాకరరావు గబగబా లింకు నొక్కాడు. అదే తెల్లగుడ్డ, అదే నెరిసిన గడ్డం. మూలన నిన్నటి తేదీ. పొద్దున తాను గోడవైపు తిరిగి నిలబడ్డప్పుడు దిగి దాగింది ఇదే, నిన్నటి ఇంకెవరి దహనమో. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే, టక్కున. సెట్టింగులన్నీ వెనక్కి తిప్పాక పేజీ చాలాసేపు తిరిగి తిరిగి తెరుచుకుంది. ఖాళీ దిమ్మె మీద ఎవరో నీళ్లు కొడుతున్నారు.

"నన్ను చెప్పుతో కొట్టు రమణీ," అన్నాడు ఏడుస్తూ.

రమణి కొట్టలేదు, తిట్టలేదు. ఆ తడి దిమ్మెనే చూస్తూ కూర్చుంది.

"ఆ పెద్దాయనకు ఎవురూ లేరేమో. పోనీ, మనమన్నా ఏడ్చినాం," అంది. "మరి మా వోడికి ఎవురేడ్చినారయ్యా?"

ప్రభాకరరావు లేచి, ఈసారి బావమరిది పేరున, రెండో స్నానానికి నీళ్లు తోడుకున్నాడు.