పద్నాలుగో ప్రశ్నకు సున్నా

పుట్టిన బిడ్డకు మొదట కావలసింది ఊపిరి అని లోకం అనుకుంటుంది. లోకం పొరబడింది. మొదట కావలసింది, ఆ ఊపిరి సంగతి సిబ్బందికి తెలుసునని ధ్రువపరిచే కాగితం.

ఈ సత్యాన్ని గుర్తించబట్టే 2004లో విశాఖపట్నంలోని ఒకానొక ప్రసూతి ఆసుపత్రిలో 'నవజాత శిశు సంరక్షణ జ్ఞాన పరిశీలన' జరిపారు. నర్సులందరికీ ఒకే రోజు, ఒకే గంట, ఒకే హాలు. (ఆ గంటసేపు కాన్పులు వాయిదా వేసుకోవలసిందిగా గర్భిణులను నోటీసు బోర్డులో కోరారు.) బిడ్డకు ఊపిరి అందించే బ్యాగూ మాస్కూ కూడా, పరికరాలను గుర్తుపట్టే పరీక్ష కోసం హాల్లో బల్ల మీదికి చేరాయి. కాన్పుల గదికి ఆయా నూకాలును కాపలా పెట్టారు. ఆమె ఇరవై రెండేళ్లుగా అక్కడే ఉంది గాని, నిబంధనల ప్రకారం ఆయాలకు జ్ఞానం ఉండదు.

ఎలమంచిలి నుంచి వచ్చిన గౌరీశ్వరి ఆ గంటలోనే కనేసింది.

నూకాలు హాలు గుమ్మంలోకి వచ్చి అరిచింది. "సిస్టరమ్మా, పిల్ల పుట్టింది గానీ ఏడవట్నేదు! నీలంగా అయిపోతంది, బేగి రండి!"

సరిగ్గా అప్పుడే అందరూ పద్నాలుగో ప్రశ్న దగ్గరున్నారు: పుట్టిన బిడ్డ ఏడవకపోతే వెంటనే ఏం చేస్తారు? జవాబు అందరికీ తెలుసు. కాబట్టి తలలు వంచుకుని రాస్తున్నారు.

స్టాఫ్ నర్సు హిమబిందు ఒక్కతే లేచింది.

"కూర్చోండమ్మా," అన్నారు పరిశీలనాధికారి భీమశంకరరావు గారు, మర్యాదగానే. "మధ్యలో వెళ్తే తెలియనట్టు లెక్క. ఇంకా నలభై నిమిషాల టైముంది."

"ఆ పిల్లకి ఒక్క నిమిషమే ఉందండీ," అంటూ ఆమె బల్ల మీది బ్యాగూ మాస్కూ లాక్కుని పరుగెత్తింది.

పిల్లను పొడిగుడ్డతో తుడిచింది, వీపు రుద్దింది, తల సరిచేసింది. చలనం లేదు. మాస్కు పెట్టి బ్యాగు నొక్కసాగింది.

"ఏటమ్మా, నా పిల్ల సప్పుడు నేదేటి?" అని గౌరీశ్వరి అడుగుతూనే ఉంది. (ఆ ప్రశ్నకు మార్కులు లేవు. ఇది రాస్తున్నవాడికి ఇక్కడ కోపం వచ్చింది, మన్నించాలి.)

పిల్ల ఏడ్చింది. హాలు దాకా వినిపించిన ఆ ఏడుపును భీమశంకరరావు గారు 'బయటి అంతరాయం' అని నమోదు చేసుకున్నారు.

ఫలితాలు వచ్చాయి. పద్నాలుగో ప్రశ్నకు ముప్పై మందికి పూర్తి మార్కులు, హిమబిందుకు సున్నా. ఏడవని బిడ్డను ఏం చేయాలో ఆమెకు తెలియదని శాస్త్రీయంగా తేలడంతో, కాన్పుల గది నుంచి తప్పించి నెల రోజుల శిక్షణకు పంపారు. అక్కడ ఒక రబ్బరు బొమ్మ ఉంది. దాన్ని బతికించినట్టు సంతకం తెచ్చుకున్నాకే ఆమెను మళ్లీ బిడ్డల దగ్గరికి రానిస్తారు.