లీటరుకి పదకొండు కిలోమీటర్ల కుట్ర

“డ్రైవరూ, ఈ లోకంలో మనుషులు రెండే రకాలు. నా చేతికి చిక్కిన నేరస్థులు, ఇంకా చిక్కని నేరస్థులు,” అన్నాడు డేగకన్ను, వెనక సీట్లో కాలు మీద కాలేసుకుని. “నువ్వు ఏ రకమో శనివారం సాయంత్రంలోగా తేల్చేస్తాను. ముందు ఏసీ నాలుగులో పెట్టు. నా మెదడు వేడెక్కితే లాభపడేది నేరస్థుడే.”

డ్రైవరు ఏసీ నాలుగులో పెట్టాడు. తన మీద దర్యాప్తు చేస్తున్న మనిషిని తనే బండిలో కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పాల్సి రావడం పగవాడికి కూడా వద్దనుకున్నాడు.

డేగకన్ను అన్నది అతను తనకు తాను ఇచ్చుకున్న బిరుదు. అతను డ్రైవరు యజమానురాలు టీచరమ్మకి స్వయానా తమ్ముడు. నాలుగు రోజులుండి పోతానని వచ్చి నలభై రోజులయింది. ఇంతవరకూ అతను ఛేదించింది ఒకే ఒక్క కేసు, పోయిన తన కళ్ళజోడు కేసు. అది కూడా, “మీ నెత్తి మీదే ఉంది కదండీ,” అని పక్కింటావిడ చెప్పాక.

కారు టీచరమ్మ భర్తది. ఆయన పళ్ళ డాక్టరు. కారు ఆయనదైనా, దాని పుస్తకం మాత్రం టీచరమ్మది. బళ్ళో లెక్కలు చెప్పే మనిషి కాబట్టి, రోజూ ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్ని లీటర్లు పోయించారు, లీటరుకి ఎంత వచ్చింది అన్నీ ఎర్ర కలంతో రాస్తుంది. స్టీరింగు పక్కన ఆవిడ చేతిరాతతో ఒక చీటీ అంటించి ఉంటుంది. ఎండలో ఆగిన బండి తలుపులు ముందు తెరిచి వేడిగాలి పోనివ్వాలి. వీధి మలుపు దాకా అద్దాలు దించి నడపాలి. తరవాత అద్దాలెత్తి ఏసీ వేయాలి, రెండు దాటకూడదు. ఇల్లు ఇంకో రెండు మలుపులుందనగా ఆపేయాలి. డ్రైవరు ఆ చీటీని తొమ్మిదేళ్ళుగా తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. లీటరుకి పదహారు కిలోమీటర్లు వచ్చేది.

అలాంటిది నెల పైగా పదకొండే వస్తోంది. మెకానిక్కు ఫిల్టరు విప్పి చూశాడు, టైర్లలో గాలి చూశాడు, బానెట్ కింద తల దూర్చి అరగంట వెతికాడు. “బండి బంగారంలా ఉంది,” అని చేతులు తుడుచుకున్నాడు.

బండి బాగుందంటే బాగాలేనిది మనిషే అన్నమాట. టీచరమ్మ పుస్తకం పట్టుకుని వరండాలోకి వచ్చింది. “చూడు డ్రైవరూ, నేను ఎవరినీ ఏమీ అనడం లేదు. శనివారం సాయంత్రం ఐదింటికల్లా ఈ ఐదు కిలోమీటర్లు ఎక్కడికి పోతున్నాయో తెలియాలి. తెలియకపోతే ఆదివారం నుంచి రానక్కర్లేదు.”

ఉద్యోగం పోతుందన్న భయం డ్రైవరుకి ఆ రాత్రికి గానీ రాలేదు. ఆ క్షణాన గుండెలో గుచ్చుకున్నది ఆ పిలుపు. తొమ్మిదేళ్ళుగా నోరారా ‘అన్నా’ అని పిలిచిన మనిషి మొదటిసారి ‘డ్రైవరూ’ అన్నది.

అదిగో అప్పుడే గుమ్మంలోంచి డేగకన్ను ఊడిపడ్డాడు. “అక్కా, ఈ పెట్రోలు మాఫియా అంతు నేను చూస్తాను.”

దర్యాప్తు అలా మొదలైంది. మొదటి రోజు ఏసీ నాలుగులో ఉండగానే నాలుగు అద్దాలూ దించమన్నాడు డేగకన్ను.

“చల్లగాలంతా బయటికి పోతుంది బాబూ,” అన్నాడు డ్రైవరు.

“పోనీ. దొంగ పెట్రోలు వాసన లోపలికి రావాలి.”

కాసేపటికి ముందు స్కూటరు మీద డబ్బా పెట్టుకుని పోతున్న ముసలాయన కనబడ్డాడు. డేగకన్ను సీటంచుకి జరిగాడు. “ఆ డబ్బాని వెంబడించు. దూరంగా ఉండు, కానీ దగ్గరగా వెళ్ళు.” ఎలా వెళ్ళాలో తెలియక డ్రైవరు ఆ పేట చుట్టూ ఆరు చుట్లు తిప్పాడు. చివరికి ముసలాయనే తన ఇంటి ముందు స్కూటరాపి, “అడ్రసు దొరకడం లేదా నాయనా?” అని జాలిపడి, ఆ డబ్బాలో నీళ్ళు తన మొక్కలకి పోసుకున్నాడు. సాయంత్రం పుస్తకంలో తొమ్మిది వచ్చింది. టీచరమ్మ డ్రైవరు వంక చూడకుండా ఆ అంకె కింద రెండు గీతలు గీసింది.

శుక్రవారం నాడు డేగకన్ను ఒక సీసా పట్టుకుని షెడ్డు దగ్గర ఎదురయ్యాడు. డ్రైవరు రోజూ ఒంటిగంటకి డాక్టరుగారిని ఆసుపత్రి నుంచి భోజనానికి దింపి, కారు పెరట్లో రేకుల షెడ్డు కింద పెట్టి, తాళం మేకుకి తగిలించి తన ఇంటికి వెళ్తాడు. మళ్ళీ మూడున్నరకి వస్తాడు.

“ఇదేమిటో చెప్పు,” అన్నాడు డేగకన్ను సీసా ఊపుతూ. “సరిగ్గా మూడింటికి కారు కింద మడుగు కట్టి ఉంది. బట్టతో అద్ది పిండాను.”

డ్రైవరు వాసన చూశాడు. “నీళ్ళు బాబూ. ఏసీ నడిస్తే కిందికి కారతాయి.”

“దొరికిపోయావు. అప్పటికి నువ్వు మీ ఇంట్లో ఉన్నావు. కారు ఇక్కడుంది. ఏసీ వేసేవాడే లేడు. కాబట్టి ఇది నీళ్ళు కాదు, పెట్రోలు నుంచి రంగూ వాసనా తీసేసే రసాయనం.”

డ్రైవరు నోరు వెళ్ళబెట్టాడు. మనిషి చివరి మెట్టు దాకా సరిగ్గా ఎక్కి, అక్కణ్ణుంచి గోడ దూకేశాడు. “బాబూ, ఎవరో కారులో కూర్చుని ఏసీ వేసుకుంటున్నారేమో. ఆ వేళకి ఇంట్లో ఎవరెవరుంటారు?”

“అక్క బళ్ళో ఉంటుంది. నేను వరండాలో ఆలోచిస్తుంటాను. బావ రోజూ వాకింగ్‌కి వెళ్తాడు. ఆరోగ్యం మీద శ్రద్ధ పెరిగింది పాపం.”

డ్రైవరు తలెత్తి ఎండ వంక చూశాడు. కాకి కూడా ఎగరని ఎండ. ఆ ఎండలో వాకింగేమిటి? కారుకి రెండో తాళం డాక్టరుగారి సొరుగులోనే ఉంటుంది. విషయం అర్థమైంది. యజమాని మీద యజమానురాలికి చాడీ చెప్పి నిలబెట్టుకునే ఉద్యోగం ఎన్నాళ్ళు నిలుస్తుంది? సాయంత్రం పని ముగించుకుని ఇంటికి పోయాడు.

శనివారం అన్నం సహించలేదు. రెండింటికే వచ్చి గేటు దగ్గర కాలు గాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. టీచరమ్మకి ఒంటిపూట బడి. ముందు గదిలో కాయితాలు దిద్దుకుంటోంది.

రెండున్నరకి పెరట్లో హారన్ మోగింది. మోగడమంటే అలా ఇలా కాదు, ఆగకుండా మోగుతూనే ఉంది. దానికి తోడు రెండు గొంతుల కేకలు. డ్రైవరు అటునుంచి, ఎర్ర కలంతో టీచరమ్మ ఇటునుంచి షెడ్డులోకి పరిగెత్తారు. ఇంజను నడుస్తోంది. కింద నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. కారు మొత్తం ఊగిపోతోంది.

టీచరమ్మ ముందు తలుపు లాగింది. లోపల బనీను మీద ఉన్న డాక్టరుగారు, చంకలో దిండు, రెండు చెవుల్లో దూది, స్టీరింగు మీద బోర్లా పడి ఉన్నారు. వెనక నుంచి, కారు కవరు ముసుగేసుకున్న ఆకారమొకటి ఆయన మెడ పట్టుకుని వేలాడుతోంది.

“దొరికావు డ్రైవరూ,” అంది ముసుగు.

“నేనిక్కడున్నాను బాబూ,” అన్నాడు డ్రైవరు బయటి నుంచి.

ముసుగు తొలగింది. డేగకన్ను ముక్కు కందగడ్డలా ఉంది. జరిగిందేమిటో వాకబు చేస్తే తేలింది. దొంగని పట్టుకోవడానికి అతను ఒంటిగంటన్నర నుంచి ముందు సీటు వెనక సందులో నక్కాడు. ఉక్కకి తట్టుకోలేక లేచిపోదామనుకునేంతలో దొంగ వచ్చి ఏసీ వేశాడు. ఆ చల్లదనానికి హాయిగా నిద్ర పట్టేసింది. దొంగ సీటు వెనక్కి వాల్చేసరికి అది తిన్నగా ముక్కు మీద పడింది.

“ఏమండీ, ఇదేమిటి?” అంది టీచరమ్మ.

డాక్టరుగారు చెవుల్లో దూది తీశారు. “ఒక గంట కునుకు తీస్తున్నానే. దానికేం? ఒక్క కిలోమీటరైనా తిప్పలేదు. తిరగని బండికి పెట్రోలెందుకవుతుంది?”

ఇరవయ్యేళ్ళుగా లెక్కలు చెబుతున్న ఇల్లాలు ఎర్ర కలంతో నుదురు కొట్టుకుంది. “పెట్రోలు తాగేది చక్రాలు కాదండీ, ఇంజను.”

“నిలబెట్టి ఏసీ వేస్తే గంటకి లీటరుకి కాస్త తక్కువ లాగుతుందయ్యా,” అన్నాడు డ్రైవరు మెల్లగా.

ఆవిడ అక్కడే పుస్తకం వెనక అట్ట మీద లెక్క కట్టింది. రోజుకి ముప్పై కిలోమీటర్ల పెట్రోలు, పైన ఒక కునుకు. సరిగ్గా పదకొండు వచ్చింది.

“ఇంట్లో మంచం లేదా మీకు?”

“మంచం ఉంది,” అన్నారు డాక్టరుగారు నీరసంగా. “మంచం పక్కన కుర్చీ ఉంది. కుర్చీలో మీ తమ్ముడుంటాడు. ప్రతి మధ్యాహ్నం కళ్ళజోడు కేసు మొదట్నించీ చెబుతాడు.”

టీచరమ్మ పుస్తకం వెనక్కి తిప్పింది. పదహారు వచ్చిన ఆఖరి రోజు దగ్గర ఆగింది. ఆ వరస పక్కన ఆవిడ రాతే ఉంది: బస్టాండుకి రానూపోనూ పద్నాలుగు కిలోమీటర్లు, తమ్ముడు వచ్చాడు. మర్నాటి నుంచీ దర్యాప్తు మొదలయ్యేదాకా అన్నీ పదకొండులే.

“చూశావా అక్కా,” అన్నాడు డేగకన్ను ముక్కు పట్టుకుని. “మూడే రోజుల్లో కేసు ఛేదించాను.”

ఆవిడ తమ్ముడి మాట వినిపించుకోలేదు. కలానికి మూత పెట్టి, డ్రైవరు ముందుకొచ్చి నిలబడింది. తల ఎత్తలేకపోయింది. “తప్పు నాది. నిన్ను అనుమానించాను, మనసులో పెట్టుకోకు,” అంది. ఆ తరవాత చిన్నగా అడిగింది, “రేపు పొద్దున బస్టాండుకి ఒకసారి వెళ్ళి రావాలి. వస్తావా అన్నా?”

“వస్తానమ్మా,” అన్నాడు డ్రైవరు.

ఆదివారం పొద్దున పెట్టెతో సహా డేగకన్ను వెనక సీట్లో కూర్చున్నాడు. ముక్కుకి కట్టు ఉన్నా దర్జా తగ్గలేదు. బస్టాండు కనబడేదాకా తన విజయం గురించి చెప్పి, చివర్లో కాస్త దిగులుపడ్డాడు.

“ఒక్క ముడి మాత్రం విడలేదు డ్రైవరూ. బావ ఎవరికి భయపడి కారులో దాక్కున్నట్టు?”

డ్రైవరు అద్దంలోంచి అతని వంక చూశాడు. నాలుగు రోజులుగా ఉన్న కోపం కాస్తా ఎటు పోయిందో పోయింది, ఆ కట్టు ముక్కుని చూస్తే జాలేసింది. చీటీ మీదున్న నియమాన్ని తొమ్మిదేళ్ళలో మొదటిసారి, ఎవరూ అడక్కుండానే తప్పి, ఏసీ నాలుగులో పెట్టాడు.

“చల్లగా కూర్చోండి బాబూ,” అన్నాడు. “ఆలోచిద్దురు గాని.”

ఆ సాయంత్రం టీచరమ్మ పుస్తకంలో పదిహేనున్నర అని రాసింది. ఆ అర కిలోమీటరు ఏమైందని డ్రైవరుని ఎవరూ అడగలేదు.