బోలు గిటార్లు రెండు, పెట్టె ఒకటి

మనిషికీ జంతువుకీ తేడా ఒక్కటే. జంతువు ఎదురుగా ఉన్నదాన్ని తినేస్తుంది; మనిషి దాన్ని మరో రెండింటితో పోల్చి చూసి, ఈలోగా ఆకలి సంగతి మర్చిపోతాడు. పౌర కొనుగోళ్ల భవనం రెండో అంతస్తులో ఉన్న తులనాత్మక పరిశీలన విభాగం ఈ మహాసత్యం మీదే నిలబడి ఉంది. (భవనం దేనిమీద నిలబడి ఉందో ఇంజనీర్లు ఇంకా తేల్చలేదు.)

ఊరి సంగీతశాలలో, మెట్ల కింది గదిలో, సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా గిటారు నేర్పే టీచరమ్మకి ఈ విభాగం ఒకటుందని మొన్నమొన్నటి దాకా తెలియదు. ఆమెకి తెలిసిందల్లా క్లాసు గిటారు మెడ విరిగిందని. చాలాకాలంగా టేపు దయవల్ల బతుకుతున్న మెడ అది. టేపు కూడా ఎంతకని మోస్తుంది?

"నెలాఖరుకి రిజిస్టర్లో వాయిద్యం కనపడకపోతే ఆ గది కుర్చీలకి ఇచ్చేస్తానమ్మా," అన్నాడు సంగీతశాల కార్యదర్శి. "పాపం, వరండాలో వానకి తడుస్తున్నాయి."

"మరి మా క్లాసువాళ్లు?"

"వాళ్లకి గొడుగులుంటాయి కదా."

ఆ గది పోతే ఆమెకి మరో గది లేదు. పన్నెండేళ్లుగా రోజంతా ఇంటి పనిలో ఉండి, ఆ ఒక్క గంటా తనదని చెప్పుకునే మనిషి ఆమె. అందుకని మర్నాడే వాయిద్యాల కొట్టుకి వెళ్లింది. కొట్లో బోలు ఎలక్ట్రిక్ గిటార్లు రెండున్నాయి. మొదటిది తేనెరంగుది, లోతైన కడుపు, లోపల గాలి తప్ప మరేమీ లేదు. ఒళ్లో పెట్టుకుని మీటితే ప్లగ్గు లేకుండానే పాడుతుంది. రెండోది ఎర్రది, పలచటిది. బోలే గానీ, నడిమధ్య నిలువునా ఒక చెక్క దిమ్మ ఉంది.

ఆమె రెండూ ప్లగ్గు పెట్టి వాయించింది. తేనెరంగుది ఎంత తియ్యగా ఉందంటే, కొట్టాయన చిల్లర లెక్కపెట్టడం ఆపి విన్నాడు. కానీ ఆంప్లిఫయర్ దగ్గరికి జరగ్గానే కుయ్యిమని కూత పెట్టింది. ఆంప్లిఫయర్లోంచి వచ్చిన మోత గిటారు బోలు కడుపులోకి దూరి, అక్కడ వణికి, మళ్లీ ఆంప్లిఫయర్లోకే పోయి, ఇంకా పెద్దదై తిరిగొస్తుంది. మెట్ల కింది గదిలో ఆంప్లిఫయర్ ఆమె మోకాలికి ఆనుకునే ఉంటుంది. ఎర్రదాన్ని ఎంత దగ్గర పెట్టినా నోరు మూసుకుని కూర్చుంది. దిమ్మ ఉండేది అందుకే.

"ఎర్రదే," అంది.

"అయితే పట్టుకెళ్లండి మేడమ్."

"అలా కుదరదట. సంగీతశాల ఖాతాలో కొనాలంటే మూడింటి ధరలు రాసి విభాగానికి పంపాలట."

"నా దగ్గర ఉన్నవే రెండు. మూడోది ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?" కొట్టాయన చుట్టూ చూశాడు. "గిటారు పెట్టే పెట్టె ఒకటుంది. రాసెయ్యనా?"

"రాసెయ్యండి. ఎవరు చూస్తారు?"

(ఎవరు చూస్తారని జనం అనుకున్న ప్రతిసారీ ఎక్కడో ఒక విభాగం పుడుతుంది.)

పోలికల అధికారి చాలా మర్యాదస్థుడు. సంతకం పెట్టే ముందు మూడు పెన్నులు గీసి చూసుకునే మనిషి. బల్లమీద గిటార్లు రెండూ, పక్కన నల్లటి పెట్టెనూ పడుకోబెట్టించి, ఆమెని కూర్చోమన్నాడు.

"సార్, మూడోది గిటారు కాదు. ఊరికే పెట్టె."

"ఆ మాట పోలిక అయ్యాక చెప్పాలమ్మా. ముందే చెబితే పక్షపాతం కిందికొస్తుంది."

"పోనీ, దాన్ని వెనక్కి తీసుకుంటాను."

"తీసుకుంటే రెండే మిగులుతాయి. రెండింటిని పోల్చడం నేరమని ఎక్కడా లేదు గానీ, మాకు అలవాటు లేదు."

మొదటిరోజు ధ్వని పరీక్ష. ఆమె ఆశగా వైరు అందుకుంది. అధికారి సున్నితంగా చెయ్యి అడ్డం పెట్టాడు. మూడో వస్తువుకి ప్లగ్గు లేదు. ఒకరికి లేని సదుపాయం మిగతావారికి ఇవ్వడం సమాన అవకాశాల నియమానికి విరుద్ధం. అందువల్ల కరెంటు ఎవరికీ ఇవ్వలేదు. కరెంటు లేదు గనక ఏదీ కూయలేదు. 'కూత' అన్న గడిలో ముగ్గురికీ పూర్తి మార్కులు పడ్డాయి.

"ప్లగ్గు పెడితే తేనెరంగుది కూస్తుంది సార్."

"పెట్టలేదు కదమ్మా."

రెండోరోజు, మూడో వస్తువుకి తీగలు కూడా లేవని విభాగం దృష్టికి వచ్చింది.

ఆ సాయంత్రం ఇంట్లో అత్తగారు ఉతికిన బట్టలు మడతపెడుతూ అడిగింది. "ఏమ్మా, తేలిందా మీ గిటారు పంచాయితీ?"

"లేదత్తయ్యా. ఇవాళ తీగలు ఊడదీశారు."

"తీగలు తీసేశాక దానిలో ఇంకేం మిగిలింది?"

"సమానత్వం."

అత్తగారు దుప్పటి కొస ఆమె చేతికిచ్చింది. ఇద్దరూ చెరోవైపు లాగి మడిచారు. "మావాణ్ణి చేసుకునేటప్పుడు కూడా నువ్వింత పోల్చలేదు కదే."

"అప్పుడు మూడో కొటేషన్ రాలేదు అత్తయ్యా."

పక్కగదిలోంచి దగ్గు వినిపించింది. మొగుడుగారు మెలకువగానే ఉన్నారన్నమాట.

మూడోరోజు అసలు పరీక్ష. దరఖాస్తులో 'బోలు గిటారు' అని ఉంది కాబట్టి బోలుతనం కొలవాలి. బోలుతనం కొలిచే పరికరం విభాగానికి మంజూరైంది గానీ, ఏ కంపెనీది కొనాలన్న పోలిక ఇంకా నడుస్తోంది. ఈలోగా ఆఫీసులో సమృద్ధిగా దొరికే జెమ్ క్లిప్పులు వాడుతున్నారు. తేనెరంగు గిటారు పొట్టమీది చీలికల్లోంచి గుమాస్తా డబ్బాలకి డబ్బాలు వంపాడు. ఎర్రదానిలోకి అందులో సగం కూడా పట్టలేదు. పెట్టె మూత తీసి అందులోకి బోర్లించడానికి అతనికి అట్టే శ్రమ కలగలేదు.

తరవాత గిటార్లని తలకిందులు చేసి ఊపారు. క్లిప్పులు దాదాపు అన్నీ వచ్చాయి. దాదాపు అన్న మాట విభాగానికి నచ్చదు. అధికారి ఎర్రదాన్ని చెవి దగ్గర పెట్టుకుని కదిపాడు. లోపల గలగలమంది.

"ఈ మోత కొట్లో ఉండగా ఉందా అమ్మా?"

"లేదు సార్. అవి మీ క్లిప్పులు."

"అంటే ఆఫీసు సొత్తు," అన్నాడు అధికారి బాధగా.

ఫలితం శుక్రవారం చదివి వినిపించారు. తేనెరంగు గిటారు బోలుగానే ఉంది గానీ, ఆఫీసు సొత్తుని దాచుకుంది. ఎర్ర గిటారు తనని తాను బోలు అని చెప్పుకుని, లోపల దిమ్మ పెట్టుకుంది, ఆపైన ఆఫీసు సొత్తునీ దాచుకుంది. మూడోది సంపూర్ణంగా బోలు. తీసుకున్న క్లిప్పులన్నీ తిరిగి ఇచ్చింది. బరువు తక్కువ, ధర తక్కువ. లోపల మఖమలు ఉంది. పైగా పట్టుకోవడానికి పిడి ఉంది. మొదటి రెండింటి తయారీదారులూ ఈ విషయంలో ఎలాంటి శ్రద్ధా చూపలేదు.

"ఇప్పుడు చెప్పండమ్మా," అన్నాడు అధికారి పెన్ను మూత పెడుతూ. "పోలిక అయ్యాక చెప్పమన్నాను కదా, ఏదో అభ్యంతరం."

"మూడోది గిటారు కాదు సార్."

"చాలా మంచి పాయింటు. కానీ పోలిక అయిపోయింది కదా."

నెలాఖరుకి ముందే పెట్టె సంగీతశాలకి చేరింది. కార్యదర్శి రిజిస్టర్లో 'గిటారు, బోలు, నలుపు' అని రాసుకుని తృప్తిగా మూశాడు. గది దక్కింది. కుర్చీలు వరండాలోనే ఉండిపోయాయి.

సోమవారం ఆరింటికి క్లాసువాళ్లు వచ్చి గుండ్రంగా కూర్చున్నారు. బస్సు కండక్టరుగా రిటైరైన పెద్దాయన పెట్టె తెరిచి, మఖమలు తడిమి, అడుగున ఏమైనా అర ఉందేమోనని నొక్కి చూసి, మూసేశాడు.

"గిటారేది టీచర్?"

"ఇదే."

ఆయన పెట్టెని ఒళ్లోకి తీసుకున్నాడు. జీవితమంతా టికెట్లిచ్చిన మనిషి, ఎక్కినవాళ్లని దింపడం ఆయనకి ఇష్టం ఉండదు. మూతమీద వేళ్లతో మెల్లిగా దరువు వేశాడు. "శ్రుతి ఏదమ్మా మరి?"

"మీ ఇష్టమండి."

రెండు వారాలు అలా గడిచాక టీచరమ్మ ఇంటిఖర్చులో మిగిల్చినది మూటగట్టుకుని కొట్టుకి వెళ్లింది. ఎర్రది తనే కొనేద్దామని. కొట్లో తేనెరంగుది ఒక్కటే వేలాడుతోంది.

"ఎర్రది మొన్ననే పోయింది మేడమ్," అన్నాడు కొట్టాయన. "మీ పోలికల సారే తీసుకెళ్లారు. వాళ్లమ్మాయి నేర్చుకుంటుందట."

ఆమె తేనెరంగుదాని వైపు చూసింది. "మూడోది ఏం చూపించారు ఆయనకి?"

"మూడోది ఎందుకండీ? లోపలున్న క్లిప్పులు దులిపించి, కొత్త తీగలు వేయించి, ప్లగ్గు పెట్టమన్నారు. రెండూ వాయించి చూసింది ఆ పిల్ల. తేనెరంగుది కూత పెట్టింది. ఎర్రదే అన్నారు. టీ చల్లారేలోపు అయిపోయింది." కొట్టాయన ఇబ్బందిగా గల్లాపెట్టె సర్దాడు. "పెట్టె కూడా కావాలన్నారు. నా దగ్గరున్న ఒక్కటీ మీ క్లాసుకొచ్చింది కదా. మీరు ఇస్తారేమో కనుక్కోమన్నారు."

టీచరమ్మ డబ్బు మూట తిరిగి సంచిలో పెట్టుకుంది.

"ఇవ్వడానికి వీలుపడదని చెప్పండి," అంది. "ఆరు నుంచి ఏడు దాకా మేం దాన్ని వాయిస్తాం."