ఎవరికెంత చోటు

ఆ ఉదయం డిజైనరు వేసుకున్న పథకం చాలా చిన్నది. భోజనాలవేళలోగా కొనుగోలుదారుకి కొత్త ఫోటోల యాప్ చూపించాలి, నాలుగు మెప్పు మాటలు వినాలి, ఆ తర్వాత కుర్చీ వెనక్కి వాల్చి ఓ కునుకు తీయాలి. ఈసారి కూడా బేరం కుదరకపోతే డిజైను విభాగానికి తాళమేనని మేనేజరు ముందే చెప్పి ఉంచాడు.

"ఆ నమూనా ఫోటోలు వద్దయ్యా. అందరూ పళ్లు తోముకుని నవ్వుతున్నట్టుంటారు. నిజం సంసారాల ఫోటోలు పెట్టు" అన్నాడు మేనేజరు, టీ కప్పు ఊదుకుంటూ.

నిజం సంసారం అంటే డిజైనరుకి తెలిసింది ఒక్కటే. తన ఇంటి ఫోటోలన్నీ యాప్‌లోకి ఎక్కించేశాడు. భార్య ఫోనూ, అత్తగారి ఫోనూ, తన ఫోనూ ఏళ్ల తరబడి ఒకే ఖాతాలో కుమ్మరించిన ఫోటోలవి. పుట్టినరోజుల పక్కనే మందుల అట్టలు, సముద్రం పక్కనే కరెంటు మీటరు, వాటి మధ్య ఎవరిదో బొటనవేలు. ఈ అడవిలో కావలసిన ఫోటో వెతుక్కోలేక జనం చస్తున్నారని అతను తేదీలూ ఆల్బములూ తీసిపారేసి, తెరనిండా గుండ్రటి ముఖాలు పరిచాడు. ఎవరి ఫోటోలు ఎక్కువుంటే వారి వృత్తం అంత పెద్దది. పైన తనే ఒక శీర్షిక రాసి మురిసిపోయాడు: 'మీ జీవితంలో ఎవరికెంత చోటు?'

అతను మరిచిపోయింది ఒక్కటే. ఖాతా ఇంటిల్లిపాదిదీ కాబట్టి ఆ ప్రశ్న, కింద వృత్తాలతో సహా, ఇంట్లో అందరి ఫోన్లలోనూ టింగుమంటూ మోగింది.

మొదటి ఫోను భార్య నుంచి.

"ఏమండీ, మీ జీవితంలో నేను ఆవగింజంత ఉన్నాను."

"అబ్బే, అది లెక్క..."

"మీ స్కూటరు గుమ్మడికాయంత ఉంది."

హెడ్‌లైటునీ, దానికి అటూ ఇటూ ఉన్న అద్దాలనీ చూసి యాప్ ముఖమనుకుంది. కొన్న కొత్తలో ఆ స్కూటరుకి రోజుకో ఫోటో తీయించిన మాట నిజం. డిజైనరు గబగబా భార్య వృత్తాన్ని వేలితో లాగి పళ్లెమంత చేశాడు. తెర మాత్రం సాగదు కదా! ఆమె పెరిగిన మేరకు పక్కనున్న అత్తగారు నలిగిపోయారు.

రెండో ఫోను అత్తగారి నుంచి.

"అల్లుడుగారూ, ఇందాక నిండుగా ఉన్నాను. ఇప్పుడు చొక్కా బొత్తాంలా అయ్యాను. నా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా బాబూ?"

"అయ్యయ్యో, అత్తయ్యగారూ! ఒక్క నిమిషం ఉండండి, ఆ స్కూటరుని తీసేస్తాను" అని దాన్ని తీసేశాడు.

ఖాళీ అయిన చోటులోకి, అంతవరకూ దాని వెనక ఎక్కడో అణిగి ఉన్న ఒక వృత్తం ఉబ్బుకుంటూ వచ్చి తెరంతా ఆక్రమించింది. సగం నుదురు, నాలుగు వెంట్రుకలు, ముఖానికి అడ్డంగా ఏదో నల్లటి వస్తువు. దాని కింద యాప్ మర్యాదగా అడిగింది: 'ఈమె మీకు తరచుగా ఎదురవుతోంది. పేరు పెడతారా?'

మూడోసారి ఫోను మోగినప్పుడు భార్య అరవలేదు. అదే అతన్ని భయపెట్టింది.

"ఎవరండీ ఈవిడ?"

"నాకు తెలీదు, ఒట్టు."

"సముద్రం దగ్గరుంది. హోటల్ లిఫ్టులో ఉంది. మన పెళ్లిరోజున కూడా ఉంది. మనం ఎక్కడికెళ్తే అక్కడికి తగలడింది. మీకు తెలీదా? సరే, అక్కడే ఉండండి. వస్తున్నాం."

ఆ 'వస్తున్నాం'లో అత్తగారు కూడా ఉన్నారు.

వాళ్లు తలుపు తోసుకుని వచ్చేసరికి సమావేశం మొదలైపోయింది. గోడమీద ఆ అపరిచితురాలు నిలువెత్తున వెలుగుతోంది. కొనుగోలుదారు కళ్లజోడు సవరించుకున్నాడు. మేనేజరు తడుముకోకుండా "వీరు మా యాప్ వాడుతున్న కుటుంబం. అభిప్రాయం చెప్పడానికి ప్రత్యేకంగా వచ్చారు" అన్నాడు.

"చెప్తాం" అంది భార్య. "ముందు ఆవిణ్ణి దగ్గరగా చూపించండి."

డిజైనరు ఒక్కో ఫోటో తెరిచాడు. లిఫ్టు ఫోటోలో అతను, వెనక అద్దంలో ఆమె. బట్టల దుకాణం ముందు అతను, గాజు తలుపులో ఆమె. పెళ్లిరోజు ఫోటోలో ఆమె ఎక్కడా కనిపించలేదు. ఇంకా పెద్దది చేస్తే అతని కళ్లజోడులోనే ఉంది.

"కళ్లలో పెట్టుకున్నారన్నమాట!" అంది భార్య.

"ఆగవే" అన్నారు అత్తగారు. లిఫ్టు ఫోటో మళ్లీ తెరిపించి, గోడ దగ్గరికి వెళ్లి ఆ బొమ్మ మోచేతిని వేలితో రుద్ది చూశారు. "ఈ మచ్చ నీ చిన్నప్పుడు ఇస్త్రీపెట్టె అంటుకున్నది కదూ? ఆ అడ్డం ఉన్నది నీ ఫోను. అది నువ్వేనే పిచ్చిమొద్దూ! ఇన్నేళ్లూ అందరికీ ఫోటోలు తీస్తూ నిలబడ్డావు."

భార్య గోడనే చూస్తూ "ఇంకోటి తెరవండి" అంది మెల్లగా. అతను తెరిచాడు. "ఇంకోటి" అంది. సముద్రం దగ్గర ఆమె నీడ ఇసుకలో పొడవుగా, ఫోను ఎత్తిపట్టుకుని ఉంది. ఆ నీడ వచ్చి తన కాళ్లదాకా తాకిందని డిజైనరు అప్పుడే గమనించాడు.

కొనుగోలుదారు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "ఇప్పటిదాకా ఎన్నో యాప్‌లు చూశాను. పాత ఫోటోల కోసం పని మానుకుని పరుగెత్తుకొచ్చిన మనుషుల్ని ఇప్పుడే చూశాను. ఆ ప్రశ్న, ఆ తప్పు లెక్క, ఆ తగువు అన్నీ అలాగే ఉంచండి. కొంటాను."

పొద్దున్నుంచీ 'నీ డిజైను' అంటున్న మేనేజరు "మా డిజైను అలాంటిదండీ" అన్నాడు.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో ఫోటోలు తనే తీస్తానని డిజైనరు ప్రకటించాడు. భార్యనీ అత్తగారినీ కిటికీ వెలుగులో నిలబెట్టి, ముందుకీ వెనక్కీ జరిగి, చివరికి నొక్కాడు. అత్తగారికి తల లేదు, భార్యకి కళ్లు మూసుకుపోయాయి, మిగిలిన చోటంతా అతని వేలే. యాప్ దాన్ని ఎవరినీ అడక్కుండా చెత్తబుట్టలో వేసింది. ఆ రోజు మొత్తంమీద అది తప్పులేకుండా చేసిన పని అదొక్కటే.