బూజుకర్ర యంత్రం

చోడవరంలో శాస్త్రయుగం మొన్నటి మాఘ పౌర్ణమి మర్నాడు ఉదయం ఏడున్నరకు, మోటారు వైండింగు షాపు సత్యారావు పెరట్లో ప్రారంభమైంది. దానికి కారణం ముందురోజు జరిగిన ఒక చిన్న నష్టం.

వీధిలోని ఆడవాళ్లంతా వ్యాను కట్టించుకుని పూడిమడకకు సముద్రస్నానానికి వెళ్లారు. సత్యారావు భార్య అప్పలనరసమ్మ మూడు మునకలు వేసింది. మొదటి మునకకు పుణ్యం వచ్చింది. రెండో మునకకు ఇంకాస్త వచ్చింది. మూడో మునకకు ఎడమచెవి దుద్దు పోయింది. ఎర్రరాయి, దాని చుట్టూ ఏడు తెల్లరాళ్లు. వాళ్లమ్మ తన గొలుసు చెరిపించి చేయించిన జత అది. అమ్మ పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు అమ్మ గుర్తు ఒక్క చెవికే మిగిలింది.

"మూడో మునక ఎందుకేసేవే?" అన్నాడు సత్యారావు.

"రెండుతో లేచొచ్చెస్తే మీ వాటా పున్నెం ఎవులు తెత్తారు?"

దీనికి జవాబుగా ఆయన యంత్రం తయారీకి పూనుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా చెరకు తోటల బోరు మోటార్లకు రాగితీగ చుట్టిన చెయ్యి. ఇసకలో లోహం కనిపెట్టే యంత్రం గురించి ఫోనులో ఒక వీడియో చూశాడు. అది హిందీలో ఉండడంతో అర్థం కాలేదు. అర్థం కాలేదు కాబట్టి సందేహాలూ రాలేదు.

తీగచుట్ట అమర్చడానికి గుండ్రటిది కావలసివచ్చి వంటింట్లోని పెద్ద స్టీలు పళ్లెం స్వాధీనం చేసుకోబడింది. పిడికి బూజుకర్ర, కరెంటుకు పురుగుమందు స్ప్రేయరు బ్యాటరీ, శబ్దానికి ఆటో వెనక్కి నడిచేటప్పుడు పాడే హారను. స్విచ్చి వేయగానే పాడింది. ఆపేదాకా పాడింది. వీధి చప్పట్లు కొట్టింది. యంత్రం కనిపెడుతున్నది తన పళ్లాన్నేనని, అంటే దానికి ఆత్మజ్ఞానం కలిగిందని, తెలియడానికి రెండు రోజులు పట్టింది. పళ్లెం నాలుగు చిల్లులతో వంటింటికి తిరిగి వచ్చింది. పళ్లెం బదులు ప్లాస్టిక్ బకెట్టు మూత నియమితమైంది.

రెండో నమూనాకు, కొత్త బండికి చేసినట్టే, పూజ జరిగింది. పసుపు, కుంకుమ పెట్టారు. చక్రం లేదు కనుక నిమ్మకాయను మూతతోనే తొక్కించారు. దిష్టి తగలకుండా నల్లదారానికి మిరపకాయలు, నిమ్మకాయ, ఒక ఇనుపమేకు గుచ్చి అప్పలనరసమ్మే మూతకు బిగించి కట్టింది. మేకు లేని దిష్టిదారం పనిచేయదని మనందరికీ తెలిసిందే.

ఆ తర్వాత యంత్రాన్ని పెరట్లో ఎక్కడ ఆనించినా పాడింది. కరివేపాకు మొక్క దగ్గర పాడింది. దొడ్డి గుమ్మంలో పాడింది. వీధి సంక్షేమ సంఘం అధ్యక్షుడు పరదేశి స్వయంగా వచ్చి పరిశీలించి, కింద రాజుల కాలం నాటి లంకెబిందెలు ఉన్నట్టు ప్రకటించారు. ఏ రాజులన్నది తర్వాత నిర్ణయిస్తామన్నారు. ఏడు గోతులు తవ్వారు. ఏడోదానిలో కుళాయి పైపు దొరికింది. ఆ పూట వీధికంతటికీ నీళ్లు వచ్చాయి, ఒకే చోట.

"ఏటండీ, ఆ మేకు ఓపాలి యిప్పి సూద్దురూ" అంది అప్పలనరసమ్మ, మోకాటి లోతు బురదలో నిలబడి.

"ఒసే, మేకు యిప్పెస్తే మిషనుకి దిష్టి తగల్దేటి?"

"తగిలితే నోరు మూస్తాది కదండీ. మనకి కావల్సిందదే కదా."

మేకు విప్పారు. నోరు మూసింది. "మూడవ సవరణ: అనవసర శబ్దం తొలగించడమైనది" అని సత్యారావు నోటుబుక్కులో రాసుకున్నాడు. ఎవరి సలహాపై అన్న వివరం రాయడానికి ఆ పేజీలో చోటు చాలలేదు.

మొదటిసారి సముద్రం ఒడ్డుకు పట్టుకెళ్తే గంటన్నరలో రెండు గోనెసంచుల బీరుమూతలు దొరికాయి. దుద్దు దొరకలేదు. యంత్రం బీరుమూతల్ని పట్టించుకోకుండా చేసే మీట ఒకటి బిగించడం నాలుగో సవరణ. పరీక్ష కోసం భార్య కుడిచెవి దుద్దును నేలమీద పెట్టి యంత్రం తిప్పాడు. కిక్కురుమనలేదు.

"అయితే ఇది బంగారం కాదే! మీయమ్మ నిన్ను మోసం సేసింది."

"మాయమ్మ మిమ్మల్ని సూసి కూడా బంగారవే అన్నాదండీ. మోసపోడం ఆవిడకి అలవాటు. మీరా మీట కూసింత యెనక్కి తిప్పండి."

తిప్పాడు. పాడింది. అది ఐదో సవరణ.

ఈ వార్త పొక్కగానే, పౌర్ణమినాడు మునిగిన ప్రతి ఆడమనిషికీ తానూ ఏదో పోగొట్టుకున్నట్టు జ్ఞాపకం వచ్చింది. ఆ రోజు జ్వరంతో మంచం దిగని అచ్చియ్యమ్మకు సైతం ఒక దుద్దు పోయింది. ఆదివారం ఉదయం వ్యాను నిండింది. ముందు సీట్లో పరదేశి శాలువాతో కూర్చున్నారు. ఒడ్డున దిగగానే మాట్లాడారు:

"అమ్మలారా! సముద్రవంటే అందరూ దండం పెడతారు. మన సత్యారావు ఒక్కడే, బూజుకర్ర పట్టుకుని, ఏటే నీ కడుపులో దాసేవని నిలదీస్తన్నాడు! ఇది చోడవరం గర్వపడాల్సిన గడియ!"

చోడవరం గర్వపడింది. సత్యారావు ఒడ్డునున్న ఒక నీలంపడవకు ఎదురుగా, ఆ రోజు మునిగానని భార్య చూపించిన చోట, మూత తిప్పాడు. పదో అడుగులో యంత్రం పాడింది. దోసెడు ఇసక తీస్తే ఎర్రరాయి, చుట్టూ ఏడు తెల్లరాళ్లు.

అప్పలనరసమ్మ చెయ్యి చాపింది. చూస్తే ఆమె చేతితో పాటు ఇంకో రెండు చేతులున్నాయి.

"అది నాది!" అంది అచ్చియ్యమ్మ.

"ఎర్రరాయంటే నాదే!" అంది పక్కింటి చిన్నమ్మి.

"దీని జత ఇంటికాడ నా బీరువాలో ఉంది" అంది అప్పలనరసమ్మ.

"ఇంటికాడున్నది ఇక్కడ సాచ్చికం సెప్పదమ్మా" అన్నారు పరదేశి. రెండు క్షణాలు కళ్లు మూసుకుని తీర్పు విధానం ప్రకటించారు. "మనుసులు అబద్దవాడతారు. మిషను ఆడదు. అది ఎవులికాడ ఎక్కువ పాడితే దుద్దు ఆళ్లది."

సభ ఆమోదించింది. యంత్రాన్ని మొదట అచ్చియ్యమ్మ మెడ దగ్గర పెట్టారు. నాలుగు పేటల గొలుసు మీద అది ఆపకుండా పాడింది. చిన్నమ్మి నల్లపూసల దగ్గర మర్యాదగా రెండుసార్లు కూసింది. అప్పలనరసమ్మ ఒకసారి పోగొట్టుకున్న మనిషి కనుక, ఈసారి జాగ్రత్తపడి, పుస్తెలతో సహా ఉన్నదంతా బీరువాలో పెట్టి, మెడలో పసుపుకొమ్ము కట్టుకుని వచ్చింది. యంత్రం మౌనం వహించింది. కాస్త కాళ్లదాకా దించితే మెట్టెలైనా పలికేవి. న్యాయం మెడ దగ్గరే ఆగిపోయింది.

అప్పలనరసమ్మ మొగుడి వంక చూసింది. ఆయన మూత తట్టాడు, మీట తిప్పాడు, మళ్లీ పెట్టాడు. ఐదు సవరణల జీవితంలో యంత్రం ఇంత నిర్దుష్టంగా పనిచేయడం ఇదే మొదటిసారి.

"ఒసే," అన్నాడు మెల్లగా, "ఓపాలి గేపకం తెచ్చుకో. నీది నిజంగా పోయిందేటి?"

దుద్దు అచ్చియ్యమ్మకు అందజేయబడింది. శాలువా సత్యారావుకు కప్పబడింది. బంగారం ఉన్నవాళ్ల మాటే నిజమన్న సంగతి మన ఊరికి కొత్త కాదు. ఇన్నాళ్లూ దానికి హారను లేదు, అంతే.

మర్నాడు పొద్దున్నే అచ్చియ్యమ్మ వచ్చి తలుపు కొట్టింది.

"వొదినా, నీకాడ ఇలాటిదే ఒకటుందన్నావు కదా! ఒంటి దుద్దు నువ్వేటి సేసుకుంటావు? ఇచ్చీసీ."

అప్పలనరసమ్మ వెంటనే తలుపు తీయలేదు. ముందు బీరువా తీసింది. పుస్తెలతాడు, గొలుసు, ఆరు గాజులు, ఉంగరం, కుడిచెవికి ఆ దుద్దు, అన్నీ పెట్టుకుని, అద్దంలో ఒకసారి చూసుకుని, అప్పుడు గడియ తీసింది. నిజం చెప్పబోయే మనిషి నిండుగా ఉండాలని ఆమెకు నిన్ననే తెలిసింది. మనకు ఎప్పట్నుంచో తెలుసు. ఆఫీసులో చిన్న సంతకం కోసం వెళ్లాలన్నా బీరువా తాళాలు వెతుక్కునేది అందుకే కదా.