రెండో బకెట్టు సమరము

ఎదురింటి నీళ్లట్యాంకు వెనుకనుండి ఉదయభానుడు మెల్లమెల్లగా తలయెత్తి, సకలవాహనముల మీది సకలధూళిని నిర్దాక్షిణ్యముగా లోకమునకు బట్టబయలు చేయుచున్న శుభముహూర్తమున, పెట్రోలుబంకు పక్కసందులో, రేకులకప్పు క్రింద, ఎన్నడును తడియారని ఒక కార్లు కడిగే షెడ్డునందు, ఫేనధవళహస్తుడును, జలధారాధురంధరుడును, బురదకు బద్ధశత్రువును అగు ఒక వీరుడు రబ్బరుబూట్లు తొడుగుకొని సమరమునకు సన్నద్ధుడగుచుండెను. ఆ సమరము బురదతో కాదు, గ్రీజుతో కాదు, కాకిరెట్టతో అంతకన్నా కాదు. అత్తగారితో.

ఆ షెడ్డు అత్తగారిది. అతడు ఆమెకు అల్లుడు, ఆమెవద్ద పనివాడు కూడ; ఈ రెంటిలో ఏది బరువో అతనికి ఇంతవరకు తేలలేదు. ఆ ప్రచండశాసన, ఆ ఏకఘట ఏకవస్త్ర వ్రతదీక్షిత, షెడ్డు తెరచిన నాటినుండి ఒకే బకెట్టుతో, ఒకే గుడ్డతో కార్లు కడిగించుచుండెను. ముందు చక్రములు, ఆపై అదే నీట ముంచిన అదే గుడ్డతో తలుపులు, కప్పు, బానెట్టు. మొండిమురికి పని ముందు పడితే మిగతాది దానంతట అదే లొంగునని ఆమె సిద్ధాంతము. చక్రములనుండి దిగిన ఇసుక బకెట్టు అడుగున చేరి, గుడ్డనెక్కి, నిగనిగలాడు రంగుమీద సన్నసన్నని గీతలు గీయుచుండెను. నీడలో అవి కనబడవు. ఎండలో చూస్తే సాలెగూడే.

ఆ సాలెగూటినే మొన్న సంగీతం టీచరుగారు తన నల్లకారుమీద చూపించి, "గీతలు పడవని నువ్వే చెప్పావుగా బాబూ" అని మెల్లగా అనెను. తిట్టినా బాగుండెడిది. ఆ పూట అతనికి తిండి సయించలేదు. ఎవరేమన్నా దులుపుకొని పోవువాడే గాని, తన చేతిపని చెడ్డదనిపించుకొనుట అతనికి ప్రాణసంకటము. ఇంకొక్కసారి చూస్తానని ఆమె వెళ్లెను. ఆ ఒక్కసారి నేడే.

ఉపాయము లేక కాదు. ఒకదానిలో సబ్బునీరు, రెండవదానిలో గుడ్డ జాడించుటకు మంచినీరు ఉండవలెనని అతడు నెలక్రితమే ఒక ఎర్రబకెట్టు కొనితెచ్చెను. అత్తగారు దానిని ఆసాంతము పరికించి, గట్టిదేనని మెచ్చుకొని, బోర్లించి, దానిమీద కూర్చుండెను. నాటినుండి అది సింహాసనము. భార్యను రాయబారము పంపగా, ఆమె వెళ్లినంత వేగమున తిరిగివచ్చి, "మా అమ్మకి చెప్పడంకన్నా గోడకి చెప్పడం నయం. గోడ తిరిగి అరవదు" అని సెలవిచ్చెను.

అంతలో నల్లకారు రానే వచ్చెను. టీచరుగారు తాళములిచ్చి, పక్క దుకాణములో పని చూసుకొని వస్తానని వెళ్లెను. అల్లుడు గుండె చిక్కబట్టుకొని సింహాసనము ఎదుట నిలిచెను.

"ఓ అత్తకులశిరోమణీ! ఏ పీఠముపై నీవు కొలువుతీరితివో ఆ పీఠమే ఈ షెడ్డు పరువు కాచు దివ్యాయుధము. లెమ్ము! లేవనిచో ఈ కారుమీద పడు ప్రతిగీతయు నా నుదుటిగీతయై నిలుచును!" అని మనసులో గర్జించి, పైకి మాత్రము, "అత్తయ్యా, కాస్త లేస్తారా?" అనెను.

"ఎందుకు?"

"బకెట్టు కావాలి."

"ఉందిగా ఒకటి."

ఆ ఒకదానిలోని ఇసుకను గూర్చి, ఆ ఇసుక గీయు గీతలను గూర్చి, చక్రములను చివరికి ఉంచవలసిన క్రమమును గూర్చి అతడు ఊపిరి తిప్పుకొనకుండ చెప్పుకుపోయెను. ఆమె అంతయు వినెను. విని, గట్టిగా రుద్దితేనే మెరుపనియు, ఆడలేక మద్దెల ఓడన్నట్టు బకెట్టుమీద పడి యేడ్చుట తగదనియు తీర్పు చెప్పి, తుంపర పడి మసకబారిన కళ్లజోడు తీసి, తుడుచుకొనుటకు సంచిలో మెత్తని గుడ్డకై వెదకసాగెను.

అది చూచి వీరుని బుర్రలో మెరుపు మెరిసెను. అతడు బకెట్టులోని కడుగుగుడ్డను పిండి, అత్యంతవినయముగా ముందుకు చాచెను.

"దీంతో తుడుచుకోండి అత్తయ్యా."

"ఆ గుడ్డతోనా? అద్దాలకి గీతలు పడవూ?"

మాట నోరు దాటిన పిమ్మట ఆమె ఆగెను. అత్తను గెలిచినవాడు నవ్వరాదని అల్లునికి తెలుసు. ఆమె గుడ్డను చూచెను, కారును చూచెను, అతని ముఖములో నవ్వు దాగియున్నదేమోనని చాలసేపు వెదకెను. దొరకలేదు. అంతట ఆ సామ్రాజ్ఞి మోకాళ్లమీద చేతులూని, మూలుగుచు, లేచెను.

"మరి నేనెక్కడ కూర్చోను?"

ఇది అతడు ఆలోచింపనేలేదు. ఆమె ఆసాంతము నిలబడియే, గుడ్డ సరిగా జాడించలేదని అతనిని కసురుచు, తానే ఆ విద్యను కనిపెట్టినట్లు అజమాయిషీ చేసెను.

టీచరుగారు వచ్చి, కారును ఎండలోనికి తీయించి, వంగి, కళ్లు చిట్లించి చూచెను. పాతగీతలు పాతగీతలే; కొత్తది ఒక్కటియు లేదు. ఈసారి ఏం చేశారని ఆమె అడుగగా, అతడు నోరు తెరచులోపల అత్తగారు అందుకొనెను.

"మా దగ్గర రెండు బకెట్ల పద్ధతండీ. మొదట్నించీ అంతే."

అల్లునికి ఒక్కక్షణము ఒళ్లు మండెను. మరుక్షణమున, నలుగురిలో అన్న ఆ మాటను ఆమె ఇక చచ్చినా వెనుకకు తీసుకొనదని తోచి, పట్టరాని సంతోషము కలిగెను.

కావున అష్టదిక్పాలకులారా, టైర్లకు గాలికొట్టు మహాశయులారా, చెవియొగ్గి వినుడు! నెల్లాళ్ల ముట్టడి పిమ్మట, బొట్టు రక్తము చిందకుండ, బోర్లాపడియున్న ఒక ఎర్రబకెట్టు వెల్లకిలయ్యెను!