కంప్యూటరు గదిలో ఐలన్న బూట్లు

వినుడు, విజ్ఞులారా! రెండువేల ఆరవ సంవత్సరమున, గ్రీష్మప్రచండమార్తాండుడు పటాన్‌చెరు రేకులషెడ్లపై నిప్పులు చెరుగుచుండ, బొంబాయి రహదారిపై లారీలు గగనచుంబిధూళిమేఘముల రేపుచుండ, కర్దనూరు చెంత నొక కంకర క్వారీవారి శిక్షణాలయమున, ఏసీ యంత్రము గుర్రుమనుచుండ జరిగిన ఘోరసంగ్రామమును చెప్పెదను. నవ్వితిరా, మానెదను!

శిలావిదారకుడును, సమ్మెటధరుడును, మొగులమ్మ ప్రాణనాథుడును అగు ఐలన్న ఆనాడు భద్రతాపరీక్షకు వచ్చెను. కన్నులు మూయు నల్లని డబ్బాను తలకు బిగించుకొని, అందు కనబడు మాయాగనిలో పైబడు బండలను తప్పించుకొనుటయే ఆ పరీక్ష. బండలకు మన వీరుడు వెరచువాడా? అతని దిగులంతయు బూట్ల గురించియే. కంప్యూటరు గదిలోనికి పాదరక్షలతో పోరాదను ఆనాటి శాసనము ననుసరించి, ఆ ఉదయమే కంపెనీ యిచ్చిన సరికొత్త ఇనుపముక్కు బూట్లను గుమ్మము వెలుపల విడిచి వచ్చెను. అయ్యో, పోయినయేడు క్యాంటీను గుమ్మమున నిట్లే విడిచిన జత మాయమైనప్పుడు, బూట్లు లేనివానిని క్వారీలోనికి రానీయమని నెలదినములు ఇంట కూర్చుండబెట్టిరి గదా! ఈసారియు పోయిన, పనియే పోవును. మొగులమ్మ యేమనునో చెప్పుటకు నాకే నోరు రాదు.

శిక్షకుడు వీర్రాజు, తానును వట్టికాళ్లతోనే నిలిచి, డబ్బాను ఐలన్న తలకు తొడిగెను. గుమ్మము కనబడదాయెను. బూట్లు కనబడవాయెను. అంతలో డబ్బాలోనుండి గంభీరవాణి యొకటి, "బూట్లు లేనిదే గనిలో అడుగు పెట్టరాదు" అని పలికెను. ఐలన్నకు ప్రాణము లేచివచ్చెను. స్తంభమువలె నిలిచి యిట్లు గర్జించెను:

"సార్! బూట్లు లేకుంట గనిలకు పోవద్దని గీ డబ్బనే చెప్తున్నది. నావి బయట ఉన్నయి. నేనైతే అడుగు తియ్య!"

"అది బొమ్మ గని అయ్యా! ఇది ఏసీ రూము. దుమ్ము పడితే మెషీను పాడైపోతుంది!" అని వీర్రాజు మొత్తుకొనెను.

"గనే బొమ్మదైతే, పాస్ గూడ బొమ్మదే ఇస్తరా సార్? నా బూట్లు తెప్పియ్యున్రి. లేకుంటె గిట్లనే నిలబడ్త, డబ్బతోని!"

వెలుపల వరుసకట్టినవారు "జల్దీ కానియ్యున్రి, ఎంతసేపు పరేషాన్ చేస్తరు!" అని కేకలిడిరి. వీర్రాజు తాళజాలక, బూట్లను నల్లాకింద కడిగించి లోనికి తెప్పించెను. ఐలన్న డబ్బా తీయకయే లేసులు తడిమి బిగించెను. ఆహా, అది ముడియా, ఉక్కుముడి!

అంతట మాయాగని చరియ విరిగెను. పర్వతప్రమాణమగు బండ దొర్లివచ్చెను. "ఓరి నాయనో, పారిపోండ్రి!" అని సింహనాద మొనర్చి ఐలన్న వెనుకకు లంఘించెను. బండ తప్పెను. బూటు మడమ మాత్రము వెనుకనున్న వీర్రాజు వట్టికాలి బొటనవ్రేలిపై దిగెను.

"చచ్చాన్రోయ్!" అని వీర్రాజు ఒంటికాలిపై గెంతుచుండగా, తెరపై "ప్రమాదము లేదు, ఉత్తీర్ణుడు" అని పచ్చని అక్షరములు వెలిగెను.

కుంటుచు వెలుపలికి వచ్చిన వీర్రాజు గుమ్మమంతయు గాలించెను. అందరి చెప్పులును ఉన్నవి. అతని తోలుబూట్లు మాత్రము లేవు.

"నా షూసేవయ్యా? మొన్ననే కొన్నాను!"

ఐలన్న నిజముగనే జాలిపడెను. "గందుకే గద సార్, నేను నావి లోపటికి తెప్పిచ్చుకున్నది."

ఆలకింపుడు, అష్టదిక్కులారా! ఆ సాయంకాలము, ఎడమది ఎడమకాలికిని, కుడిది కుడికాలికిని ఉండగనే, ఐలన్న ఇనుపముక్కు బూట్లు కర్దనూరులోని అతని యిల్లు చేరెను. మొగులమ్మ వానిని గడప లోపలికి తీసుకొనిపోయి, బియ్యపుబస్తా పక్కన దాచెను.